లూవ్ర్ దగ్గర మధ్యాహ్న భోజనం: ఏ వేళకి, ఎవరికి, ఏది?

పారిస్ వెళ్ళే మనవాళ్ళు లూవ్ర్ మ్యూజియం గురించి ముందే బాగా చదువుకుంటారు. ఏ గేటు దగ్గర క్యూ తక్కువ, మోనాలిసా ఏ గదిలో ఉంది, టికెట్టు ఎన్ని రోజుల ముందు కొనాలి, అన్నీ తెలుసుకుంటారు. భోజనం మాత్రం అక్కడికెళ్ళాక చూసుకుందాంలే అని వదిలేస్తారు. చివరికి మధ్యాహ్నం రెండున్నరకి ఆకలితో, కాళ్ళు పీకుతుండగా బయటికొచ్చి, రూ ద రివోలీ ('రూ' అంటే వీధి) మీద మొదట కనబడ్డ కుర్చీల్లో కూలబడతారు. నలుగురికి వంద యూరోలు దాటుతుంది. ఏం తిన్నారో మర్నాటికి గుర్తుండదు.

అదే డబ్బుకి, చాలాసార్లు ఇంకా తక్కువకి, వంటింట్లో వండిన మంచి ఫ్రెంచ్ భోజనం అక్కడికి పది నిమిషాల నడకలోనే ఉంది. అది దక్కాలంటే హోటల్ పేరు కన్నా రోజు, వేళ ముందు సరిచూసుకోవాలి. అందుకే ఈ పోలిక అక్కడి నుంచి మొదలుపెడుతున్నాను.

కింద రాసిన ధరలన్నీ స్థూలమైనవి. యూరోకి వంద రూపాయలు వేసుకుంటే మనసులో లెక్క సులువుగా తేలుతుంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

మ్యూజియంలోకి ముందా, భోజనం ముందా? లూవ్ర్ టికెట్టుకి ఒక్కసారే ప్రవేశం. భోంచేసి మళ్ళీ వస్తామంటే అదే టికెట్టు మీద లోపలికి పంపరు. 2026 జనవరి నుంచి మనలాంటి ఐరోపా బయటి దేశాలవాళ్ళకు టికెట్టు 32 యూరోలు అయింది. 18 ఏళ్ళలోపు పిల్లలకు ఉచితమే. అంత పెట్టి లోపలికెళ్ళి ఆకలేసిందని గంటన్నరకే బయటపడటం బాధాకరం. లోపల ఎన్ని గంటలు ఉండాలనుకుంటున్నారో ముందు నిర్ణయించుకుంటే, భోజనం దాని ముందా వెనకా అన్నది దానంతట అదే తేలుతుంది.

ఏ రోజు? మంగళవారం లూవ్ర్‌కి సెలవు. బుధ, శుక్రవారాల్లో రాత్రి 9 దాకా, మిగతా రోజుల్లో సాయంత్రం 6 దాకా తెరిచి ఉంటుంది. చవక భోజనం దృష్ట్యా చూస్తే పనిదినానికీ శని, ఆదివారాలకీ చాలా తేడా ఉంది. ఎందుకో కింద చెబుతాను.

ఎన్ని గంటలకు? పారిస్‌లో చిన్న హోటళ్ళ వంటగది మధ్యాహ్నం 12కి మొదలై రెండు, రెండున్నరకి ఆగిపోతుంది. మళ్ళీ రాత్రి ఏడుకే. మూడింటికి వెళ్ళి ఏదో ఒకటి పెట్టండి అంటే పెట్టరు.

మీతో ఎవరున్నారు, ఏం తింటారు? గొడ్డుమాంసం ముట్టనివాళ్ళు, పూర్తి శాకాహారులు, క్యూలో నిలబడలేని పెద్దవాళ్ళు, అరగంట కుదురుగా కూర్చోని పిల్లలు. ఎంపికను ధర కన్నా ఎక్కువగా వీళ్ళే మారుస్తారు.

## పనిదినం మధ్యాహ్నం ఎందుకు చవక

ఫ్రాన్స్‌లో చాలా కంపెనీలు, ఆఫీసులు ఉద్యోగులకు భోజనం కూపన్లు ఇస్తాయి. ఇప్పుడవి ఎక్కువగా కార్డు రూపంలో ఉంటున్నాయి. ఆ కార్డు మీద రోజుకి ఖర్చుపెట్టగల పరిమితి 2022 అక్టోబరులో 19 నుంచి 25 యూరోలకు పెరిగింది. ఆఫీసుల మధ్య ఉన్న హోటల్ ఏదైనా ఆ మొత్తాన్ని దృష్టిలో పెట్టుకునే మధ్యాహ్నం ధర కడుతుంది. రెండు వంటకాలకు ఒకే ధర, మూడింటికి కాస్త ఎక్కువ. దీన్ని అక్కడ 'ఫోర్ముల్' అంటారు. అమీర్‌పేటలో ఆఫీసువాళ్ళ కోసం మెస్సులో పెట్టే ఫుల్ మీల్స్ ఎలాగో ఇదీ అలాగే. ఎంచుకోవడానికి ఎక్కువ ఉండదు, తొందరగా వడ్డిస్తారు, రోజూ వచ్చేవాళ్ళే కాబట్టి నాణ్యత తగ్గిస్తే మర్నాడు బల్లలు ఖాళీ.

లూవ్ర్ పక్కన అలాంటి ఆఫీసులు బోలెడన్ని. ఉత్తరాన రోడ్డు దాటితే పాలే-రోయాల్ అనే పాత రాజభవనంలో సాంస్కృతిక శాఖ, కోన్సే దేతా అనే అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఉన్నాయి. ఇంకాస్త ముందుకి వెళ్తే బ్యాంక్ ఆఫ్ ఫ్రాన్స్, పాత స్టాక్ ఎక్స్ఛేంజి భవనం, జాతీయ గ్రంథాలయం తాలూకు రిషెల్యూ భవనం. ఇన్ని వేలమంది రోజూ మధ్యాహ్నం ఎక్కడో ఒకచోట తినాలి కదా. మీరు వాళ్ళ వెనకాలే వెళ్ళాలి. శని, ఆదివారాల్లో వాళ్ళు రారు కాబట్టి చాలాచోట్ల ఆ ధరల పలకా కనబడదు. అదే హోటల్లో అదే వంటకం అప్పుడు పది యూరోలు ఎక్కువ ఉండొచ్చు.

## ఒక చూపులో

| ఎంపిక | ఒకరికి (యూరోలు) | పట్టే సమయం | శాకాహారులకు | శని, ఆదివారాలు |
|---|---|---|---|---|
| బిస్త్రోలో (చిన్న సాదా హోటల్లో) మధ్యాహ్నం ఫోర్ముల్ | 20–28 | గంట పైనే | ఒకటీ అరా | తక్కువ, లేదా ఉండదు |
| బుయోన్ షార్తియే (పాత చవక భోజనశాల) | 15–22 | క్యూతో గంటన్నర | ఫర్వాలేదు | ఉంటుంది, క్యూ ఎక్కువ |
| బేకరీ, పార్కు | 9–13 | అరగంట | సులువు | ఉంటుంది |
| క్రేపరీ (దోసెలాంటి క్రేపుల హోటల్) | 13–20 | ముప్పావు గంట | చాలా సులువు | ఉంటుంది |
| మ్యూజియం లోపలి కేఫ్ | 13–20 | క్యూని బట్టి | ఫర్వాలేదు | ఉంటుంది |
| పిరమిడ్ (లూవ్ర్ ముంగిట్లోని గాజు కట్టడం) కనబడే టెర్రస్ | 35 పైన | మీ ఇష్టం | ఫర్వాలేదు | ఉంటుంది |

## వీధి లోపలి బిస్త్రో

నా ఓటు దీనికే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

పిరమిడ్ నుంచి ఉత్తరం వైపు తోరణం దాటి రూ ద రివోలీకి రండి. అక్కడ ఆగకండి. రోడ్డు దాటి, పాలే-రోయాల్ తోటకి ఎడమ పక్కన రూ ద రిషెల్యూ, పైన అడ్డంగా వెళ్ళే రూ దె పెతి-షాం, కుడి పక్కన రూ క్రువా-దె-పెతి-షాం, రూ ద్యు బులువా. ఈ వీధుల మధ్య తిరగండి. మ్యూజియానికి తూర్పు వైపు బయటపడితే రూ ద లార్బ్ర్-సెక్ పరిసరాలు చూడండి. రూ సెయింతాన్ వైపు వెళ్ళారంటే అది జపనీస్ హోటళ్ళ వీధి. పిల్లలు అన్నం కావాలని పట్టుబడితే పనికొస్తుంది, కానీ మనం వెతుకుతున్న ఫ్రెంచ్ భోజనం అది కాదు.

ఏ తలుపు తోయాలి? ఫ్రాన్స్‌లో హోటళ్ళు ధరల పట్టిక బయట పెట్టి తీరాలి, అది చట్టం. కాబట్టి నిలబడి నిదానంగా చదవండి, ఎవరూ ఏమనుకోరు. మూడు సంగతులు చూడండి. ఒకటి, సుద్దతో రాసిన పలక, దాని మీద రెండు మూడు మొదటి వంటకాలు, రెండు మూడు ప్రధాన వంటకాలు, అంతే. నలభై వంటకాలు ఉన్న పట్టిక వెనక ఫ్రీజరు ఉండే అవకాశం ఎక్కువ. రెండు, 'ఫే మేజోన్' గుర్తు. గిన్నె మీద ఇంటి పైకప్పు మూతలా ఉండే బొమ్మ. పచ్చి సరుకుతో అక్కడే వండిన వంటకానికే ఆ గుర్తు పెట్టాలని 2014లో నిబంధన తెచ్చారు. మూడు, లోపల కూర్చున్నవాళ్ళు. మెడలో ఆఫీసు కార్డులు, గడగడా ఫ్రెంచ్ మాటలు వినబడితే ధైర్యంగా వెళ్ళండి. తలుపు దగ్గర నిలబడి రండి రండి అని పిలిచేవాళ్ళుంటే, వంటకాల ఫొటోలు ఆరు భాషల్లో వేలాడుతుంటే ముందుకి సాగండి. ఇంగ్లిష్ పట్టిక ఒక్కటే ఉంటే మాత్రం చెడ్డ గుర్తనుకోవద్దు. ఈ పేటలో మంచి హోటళ్ళు కూడా అది పెడతాయి.

ధర విషయంలో రెండు మాటలు. ఫోర్ముల్‌లో 'ఆంత్రే, ప్లా' అంటే మొదటి వంటకం, ప్రధాన వంటకం. 'ప్లా, దెసేర్' అంటే ప్రధాన వంటకం, తీపి. ఇద్దరు వెళ్తే ఒకరు అది, ఒకరు ఇది చెప్పి పంచుకుంటే మూడూ రుచి చూసినట్టు ఉంటుంది. ఇంకా తగ్గించాలంటే 'ప్లా ద్యు జూర్' అనే ఆనాటి వంటకం ఒక్కటే చెప్పండి, 15 నుంచి 19 యూరోలలో తేలుతుంది. బ్రెడ్డు బుట్ట దానితోనే వస్తుంది, దానికి విడిగా డబ్బులేదు. నీళ్ళకు 'ఊన్ కరాఫ్ దో' అని అడగండి, కుళాయి నీళ్ళ కూజా ఉచితం. ఉత్త 'వాటర్' అంటే ఆరేడు యూరోల సీసా రావచ్చు. నలుగురికి రెండు మూడు సీసాలైతే అదే ఒక ప్లేటు ధర. సర్వీసు ఛార్జీ ధరలోనే కలిసి ఉంటుంది. టిప్పు ఇవ్వాలనిపిస్తే ఒకటి రెండు యూరోలు చాలు, ఇవ్వకపోయినా తప్పులేదు.

లోపలికి అడుగుపెడుతూనే 'బోంజూర్' అనండి. ఫ్రాన్స్‌లో పలకరించకుండా బల్ల అడగడం అమర్యాద కింద లెక్క. ఆ ఒక్క మాటతో వడ్డించేవాళ్ళ తీరే మారిపోతుంది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. 12:45 దాటితే బల్లలు నిండిపోతాయి, కుర్చీలు ఇరుకు, చిన్నపిల్లల బండి పెట్టే చోటుండదు. ఆదివారం, సోమవారం మూసేసేవి చాలా. ఆగస్టులో సొంతంగా నడుపుకునే చిన్న హోటళ్ళు రెండు మూడు వారాలు తలుపులు వేసి సెలవులకు పోతాయి. ఆ నెలలో వెళ్ళేవాళ్ళు దీన్నే నమ్ముకోవద్దు.

## బుయోన్ షార్తియే

1850లలో దువాల్ అనే మాంసం వ్యాపారి పాత హోల్‌సేల్ మార్కెట్టు దగ్గర కూలీల కోసం చవకగా మాంసం ఉడికించిన రసం, ముక్కలు పెట్టడం మొదలుపెట్టాడు. ఆ రసం పేరే బుయోన్. అలాంటి భోజనశాలలు ఊరంతా వెలిశాయి, తరవాత దాదాపు కనుమరుగయ్యాయి. 1896 నుంచి నడుస్తున్నది షార్తియే. ఆ హాలుని 1989లో చారిత్రక కట్టడంగా గుర్తించారు. ఎత్తైన గాజు కప్పు, అద్దాలు, ఇత్తడి కొక్కేలు, నల్ల వెయిస్ట్‌కోటు తొడుక్కున్న వెయిటర్లు. మీరు చెప్పినవి బల్ల మీద పరిచిన కాగితం మీదే రాసి, అక్కడే కూడి బిల్లు చెబుతారు.

ఇక్కడి బలం రెండు. పొద్దున 11:30 నుంచి అర్ధరాత్రి దాకా వంటగది ఆగదు. వారమంతా అదే ధర. మయొనేజ్‌తో ఉడకబెట్టిన గుడ్డు, పుల్లటి డ్రెస్సింగ్‌లో లీక్స్ (ఉల్లికాడల్లాంటి కూర), బాతు కాలు, చివర చాక్లెట్ పోసిన ప్రాఫితెరోల్ అనే తీపి, అన్నీ తిన్నా ఇరవై యూరోల అటూ ఇటూ. వంట అద్భుతం అనను. వేలమందికి వండే వంట అది. కానీ నిజాయితీగా వండిన సాదా ఫ్రెంచ్ భోజనం, ఆ ధరకి అంత అందమైన హాల్లో పారిస్ నడిబొడ్డున ఇంకెక్కడా దొరకదు.

లూవ్ర్‌కి ఆనుకుని మాత్రం లేదు. నడిస్తే ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. నడవగలిగితే నడవండి: పాలే-రోయాల్ తోట, 1823 నాటి గలెరీ వివియెన్, పసాజ్ దె పనోరమా, ఈ కప్పున్న పాత బజారు సందుల మీదుగా వెళ్తే వర్షంలో కూడా చాలా దూరం తడవరు. మెట్రోలో అయితే పాలే-రోయాల్ దగ్గర 7వ లైను ఎక్కి, ఒపెరాలో 8వ లైనుకి మారి, గ్రాం బులెవార్ దగ్గర దిగాలి. మధ్యాహ్నం 12 నుంచి 2 మధ్య బయట క్యూ ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని ఆ వేళకి తీసుకెళ్ళకండి. 11:40కో, మూడింటికో వెళ్తే సుఖం. హాల్లో రొద ఎక్కువ, తెలియనివాళ్ళతో బల్ల పంచుకోవాల్సి రావచ్చు.

## బేకరీ, ఆపై తోట

తక్కువ ఖర్చుతో నాణ్యత తగ్గకూడదంటే దీన్ని మించింది లేదు. దీన్ని పేదవాడి ఎంపికలా చూడకండి. పారిస్ ఉద్యోగుల్లో చాలామంది మధ్యాహ్నం తినేది ఇదే.

'బులాంజరీ' అన్న బోర్డు పెట్టాలంటే బ్రెడ్డు అక్కడే కలిపి అక్కడే కాల్చాలని 1998 చట్టం చెబుతుంది. ఆ బోర్డు చూసుకునే వెళ్ళండి. శాండ్‌విచ్ 'త్రదిసియోన్' బగెట్‌తో చేసిందైతే ఒక యూరో ఎక్కువైనా అదే కొనండి. పిండి, నీళ్ళు, ఉప్పు, పులియబెట్టే ఈస్టు, ప్రధానంగా వీటితోనే, ఫ్రీజ్ చేయకుండా చెయ్యాలని 1993 నుంచి నియమం. పైన కరకర, లోపల తేమ, తేడా మొదటి ముద్దలోనే తెలుస్తుంది. శాండ్‌విచ్, తీపి, డ్రింకు కలిపి ఇక్కడ కూడా ఫోర్ముల్ ధర ఉంటుంది. రివోలీకి సమాంతరంగా వెళ్ళే రూ సెయింతోనోరేలో బేకరీలు వెతకండి. ఒంటిగంటకి పొడుగు క్యూ కనబడినా భయం లేదు, చకచకా కదులుతుంది.

తినడానికి లూవ్ర్ పక్కనే ఉన్న పెద్ద త్విలరీ తోట కన్నా పాలే-రోయాల్ తోట మేలు. నాలుగు వైపులా భవనాలు, వరసగా చెట్లు, ఫౌంటెన్ చుట్టూ ఊరికే వాడుకునే ఇనుప కుర్చీలు. లూవ్ర్ జనసందోహం పక్కనే ఉన్నా అక్కడికి అంతగా రాదు. నవంబరు నుంచి మార్చి దాకా మాత్రం చలికి చేతులు కొంకర్లు పోతాయి. ఆ నెలల్లో పెద్దవాళ్ళు వెంట ఉంటే ఇది వదిలేయండి.

## క్రేపరీ

బ్రిటనీ ప్రాంతపు వంట ఇది. బక్‌వీట్ పిండితో పల్చగా పోసిన ఉప్పు గాలెట్, ఆ తరవాత గోధుమపిండి తీపి క్రేప్. బక్‌వీట్ అంటే ఉత్తరాదిన ఉపవాసాలకు వాడే కుట్టు. గుడ్డు, చీజు, పుట్టగొడుగులు, పాలకూర, మీకేది కావాలో అది వేయించుకోవచ్చు, వద్దన్నది తీసేయించుకోవచ్చు. కళ్ళెదుటే పోస్తారు కాబట్టి ఏముందో అన్న అనుమానం తక్కువ. 'కోంప్లెత్' అన్నదాంట్లో పంది హామ్ ఉంటుంది, 'సాం జాంబోన్' అంటే అది లేకుండా ఇస్తారు. శాకాహారులు, మాంసాహారులు, పిల్లలు కలిసిన కుటుంబానికి వాదనలు లేని మధ్యేమార్గం ఇదే.

## లోపలి కేఫ్, బయటి టెర్రస్

మ్యూజియం లోపలి కేఫ్‌లలో మొలియెన్ మెట్ల దగ్గరది బావుంటుంది. దనోన్ విభాగంలో పెద్ద ఫ్రెంచ్ చిత్రాల గదులు చూసి అలిసినవాళ్ళకు దగ్గర. శాండ్‌విచ్, సలాడ్, కేకు, ఇంతవరకే ఆశించండి. ఇక్కడ మీరు డబ్బు కట్టేది టికెట్టు వృథా కాకుండా లోపలే ఉండగలిగినందుకు. రోజంతా లూవ్ర్‌లోనే గడపాలనుకునే చిత్రకళాప్రియులకు అది న్యాయమైన బేరం. 11:30కే తినేస్తే క్యూ తప్పుతుంది.

పిరమిడ్ ఎదురుగా తోరణాల కింద ఉన్న కఫే మార్లీ లాంటి చోట్ల దృశ్యానికి డబ్బు. పెళ్ళిరోజుకి వెళ్ళినవాళ్ళు అక్కడ కాఫీ తాగి, భోజనం వేరేచోట చేస్తే రెండూ దక్కుతాయి.

## గొడ్డుమాంసం తిననివాళ్ళకు, శాకాహారులకు

పలక మీద 'బెఫ్' అని రాస్తేనే గొడ్డుమాంసం అనుకోకండి. బవెత్, ఓంగ్లే, ఆంత్రకోత్, తార్తార్, పో-తో-ఫ, ఇవన్నీ సాధారణంగా అదే. 'వో' అంటే దూడ, బ్లాంకెత్ కూడా ఎక్కువగా దానితోనే చేస్తారు. జాంబోన్, లార్దోన్, సోసీస్ పంది. నిశ్చింతగా చెప్పగలిగినవి 'పులే' కోడి, 'కనార్' బాతు, 'అన్యో' గొర్రెపిల్ల, 'ప్వాసోన్' చేప.

శాకాహారులకు దెబ్బ ఎక్కువగా సూపుల్లో తగులుతుంది. ఉల్లిపాయ సూపు చాలాచోట్ల గొడ్డుమాంసపు రసంతోనే చేస్తారు. కిష్ లోరెన్ అనే గుడ్డు, క్రీము పైలో పంది ముక్కలుంటాయి. వెచ్చని మేక చీజు సలాడ్, లీక్స్, తురిమిన క్యారెట్, ఆమ్లెట్, రతతూయ్ (వంకాయ, టమాటా లాంటి కూరగాయల కూర), బంగాళదుంప గ్రతాం (ఓవెన్‌లో కాల్చినది) మంచి ఎంపికలు. సలాడ్‌కి కూడా 'సాం లార్దోన్' అని చెప్పండి. మరీ పట్టింపు ఉన్నవాళ్ళు గమనించాల్సింది ఒకటుంది: సంప్రదాయ ఫ్రెంచ్ చీజుల్లో చాలావాటిని దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తోనే తోడేస్తారు. వాళ్ళకు బేకరీలో కూరగాయల శాండ్‌విచ్, లేదా చీజు వద్దని చెప్పి పుట్టగొడుగుల గాలెట్ మేలు. గుడ్డు కూడా తిననివాళ్ళు అది వెయ్యొద్దని ముందే చెప్పాలి.

## నేనైతే ఎలా పెట్టుకుంటానంటే

కుదిరితే బుధవారం లేదా శుక్రవారం ఎంచుకోండి. పొద్దున వేరే పని చూసుకుని, సరిగ్గా 12కి బిస్త్రోలో కూర్చుని, 2 గంటల స్లాటుకి లూవ్ర్ టికెట్టు తీసుకోండి. పనిదినం ధర దక్కుతుంది, కడుపునిండా తిని లోపలికెళ్తారు, రాత్రి 9 దాకా తొందరుండదు. సాయంత్రం గదులు పలచబడతాయి కూడా. ఇద్దరే అయితే ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తోచడం లేదు.

పొద్దున 9కే లోపలికెళ్ళేవాళ్ళు పన్నెండున్నరకల్లా బయటపడేలా చూసుకోండి. అది కుదరదనిపిస్తే ఊగిసలాడకండి, 11:30కి లోపలి కేఫ్‌లో తినేసి మూడు దాకా తిరగండి. మూడింటికి బయటికొస్తే బిస్త్రోల ఆశ వదులుకుని షార్తియేకి వెళ్ళండి. లేదా 'సెర్విస్ కోంతిన్యూ' అని రాసిన చోటు చూడండి, అక్కడ వంటగది మధ్యలో ఆగదు.

విద్యార్థులకు బేకరీ, తోట. అలా మిగిలిన డబ్బు కలుపుకుని రాత్రి షార్తియే. శని, ఆదివారాలు తప్ప వేరే రోజు లేనివాళ్ళకు క్రేపరీ. అమ్మానాన్నల్ని, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళకు కూడా క్రేపరీనే నా మొదటి మాట. కానీ అమ్మానాన్న మాంసాహారులై, ఒక గంట తీరిగ్గా కూర్చోగలిగితే బిస్త్రోకి తీసుకెళ్ళండి, 12:15కి ముందే బల్ల చెప్పి ఉంచుకోండి. చాలా హోటళ్ళు ఆన్‌లైన్‌లోనే బుక్ చేసుకోనిస్తాయి. వెళ్ళడం కుదరకపోతే మాత్రం ముందుగా రద్దు చెయ్యండి. పాతిక కుర్చీల హోటల్లో నలుగురు రాకపోతే ఆ పూట వాళ్ళకది పెద్ద నష్టం.